ఆకు కాదు, గింజ

నా ఉద్యోగం పేరు ఇన్సెక్ట్ కలెక్టర్. పెళ్లి కుదిర్చిన పెద్దమనిషి మొదటి మాట మింగేసి రెండో మాట ఒక్కటే చెప్పాడట. మా మామ నెల రోజుల పాటు బిడ్డను కలెక్టర్‌కు ఇస్తున్నానని ఊరంతా చాటుకున్నాడు. పెళ్లయ్యాక ఒక పొద్దున నేను బర్రెల కొట్టంలో టార్చిలైటు పట్టుకొని, నోట్లో రబ్బరు గొట్టం పెట్టుకొని, గోడ మీది దోమల్ని ఒక్కొక్కటిగా పీల్చి సీసాలో ఊదుతుంటే చూశాడు. ఆ తర్వాత ఆయన నన్ను ఎవరికీ పరిచయం చేయలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బదిలీలు, ఇంక్రిమెంట్లు నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, అవి ఇంకొకరికి పనికొచ్చేవి కావు. నేను చేసిన ఒక తప్పు గురించి, దాన్ని దిద్దుకోవడానికి పట్టిన ఒక వానాకాలం గురించి చెబుతాను. ఆ తప్పు వల్ల ఒక మనిషి పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడు. దాన్ని దిద్దుకున్న తీరు తలచుకుంటే ఈ రోజుకీ నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. తప్పూ నాదే, గొప్పా నాదే అని రాసుకోవాలని ఉంది కానీ, గొప్పలో నా వాటా తక్కువ. చదివితే మీకే తెలుస్తుంది.

గరిటె

మన పనిముట్లలో అన్నింటికంటే పెద్దది పొడుగాటి కర్ర కట్టిన తెల్ల గరిటె. ఆఫీసు కాగితాల్లో దాన్ని డిప్పర్ అంటారు. కాలువ అంచున, వరిమడిలో, చెరుకు తోట బోదెల్లో, మురుగు గుంతలో దాన్ని అలికిడి లేకుండా వాల్చి ముంచాలి. తీసి, తెల్లటి అడుగు మీద కదిలేవాటిని లెక్కపెట్టాలి. మన నీడ నీటి మీద పడితే అవన్నీ కిందికి పారిపోతాయి, అందుకని సూర్యుడికి ఎదురుగా నిలబడాలి. ఇది ట్రైనింగులో ఒక పూటలో చెప్పేస్తారు. అలవాటు కావడానికి రెండేళ్లు పడుతుంది.

గరిటెలో కనబడేవి రెండు రకాలు. సన్నగా, పొడుగ్గా మెలికలు తిరిగేది లార్వా, అంటే దోమ పిల్ల. అది తిని, పెరిగి, మూడుసార్లు చర్మం విడిచి, నాలుగోసారి విడిచినప్పుడు తల పెద్దగా, తోక చిన్నగా వంగిన ప్యూపా అవుతుంది. ప్యూపా తిండి తినదు. రెండు మూడు రోజులు నీటి పైన తేలుతుంది, తర్వాత దాని వీపు పగిలి దోమ బయటికొచ్చి ఎగిరిపోతుంది. ఈ రెండింటి తేడా గుర్తుపెట్టుకోండి. నా కథంతా దాని మీదే నిలబడింది.

మా సారు

మా పైన నర్సింగ్ రావు సారు ఉండేవారు. నిజామాబాద్ ఆఫీసులో బయాలజిస్టు. సన్నటి మనిషి, మాట పొదుపు. మనం ఎంత పెద్ద సంగతి మోసుకొని పోయినా ఆయన అడిగేది ఒకటే.

"ముంచినవా?"

చేరిన కొత్తలో ఒకసారి బోధన్ బస్టాండు దగ్గర వాన పట్టుకుంది. హోటల్లో కూర్చొని ఛాయ్ తాగుతూ, వెళ్లని ఊరికి వెళ్లినట్టు రిజిస్టర్లో "లార్వా లేదు" అని రాశాను. వానలో ఎవరు చూడొచ్చారని ధైర్యం. మరునాడు సారు రిజిస్టర్ తిరగేసి, నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకొని సరాసరి అదే ఊరికి తీసుకెళ్లారు. గరిటె ఆయనే ముంచారు. అందులో లార్వా లుకలుకలాడుతోంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చి, "దిద్దు" అన్నారు.

తిట్టే ఆఫీసర్లను చాలామందిని చూశాను. వాళ్ల తిట్లు ఒక్కటీ గుర్తు లేవు. ఈ పెన్ను గుర్తుంది.

క్యాంపు పొలం

ఎడపల్లి చుట్టుపక్కల కాలువ కింద ఉన్న కొన్ని ఊళ్లను క్యాంపులంటారు. తాతల కాలంలో గోదావరి జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఊళ్లు అవి. అలాంటి ఒక క్యాంపులో సూర్యనారాయణ గారి పొలం ఉంది. వారానికొకసారి ఆ వైపు నాలుగు మళ్లలో గరిటె ముంచడం నా పని. మూడు మళ్లలో ఎప్పటిలాగే లార్వా, ప్యూపా రెండూ ఉంటే, ఆయన మడిలో మాత్రం ప్యూపా ఒకటీ అరా తప్ప దొరకడం లేదు.

ఏదో ఘాటు పురుగుమందు కొట్టి ఉంటాడనుకొని అడిగాను.

"మందేం కొట్టలేదండి," అన్నాడాయన. "యూరియాలో వేపపిండి కలిపి చల్లాను. యూరియా గబుక్కున కరిగిపోకుండా పట్టుకుంటుందని మా నాన్నగారి అలవాటు. దోమల సంగతి నాకేం తెలుసండి, నేను వరి కోసం వేసుకున్నాను."

వేపగింజల నుంచి నూనె పిండాక మిగిలే చెక్కను పొడి చేస్తే అదే వేపపిండి. ఇప్పుడంటే యూరియాకు వేపనూనె పూసే అమ్ముతున్నారు, అప్పుడు ఎవరి ఓపిక వారిది. పరుగున వచ్చి సారుకు చెప్పాను. ఎన్ని వారాలు ముంచావన్నారు. ఆరు అన్నాను. "ఇంకో పంటకు ముంచు" అన్నారు. ఇంకో పంటకూ అదే లెక్క వచ్చింది. సారు వేప మీద ఒక ఫైలు తెరిచారు. వేపలోని చేదు దోమపిల్లను ఎదగనివ్వదని పుస్తకాల్లో చదవడం వేరు, బోధన్ దారిలో ఒక మడిలో కళ్లారా చూడడం వేరు. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఆ ఊపులోనే తప్పు చేశాను.

రెండు ముక్కలు చెప్పి బస్సెక్కడం

ఆ క్యాంపుకు కొంచెం దూరంలో కాలువ పక్కన ఒక చిన్న పల్లె ఉంది. పేరు రాయను, నాకు తెలిసినవాళ్లకు తెలుసు. ఎక్కువగా క్రైస్తవ కుటుంబాలు, కూలి పనులు చేసుకునేవాళ్లు. అక్కడ ఎండాకాలం నల్లా నాలుగు రోజులకోసారి వస్తుంది. అందుకని ప్రతి ఇంటి ముందూ నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములుంటాయి. డెంగీ దోమకు అంతకంటే మంచి ఇల్లు లేదు, దానికి మురుగు కన్నా మన ఇంట్లో నిలవ నీళ్లే ఇష్టం.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అందరినీ ఆవరణలోనే కూర్చోబెట్టి మాట్లాడాను. డ్రమ్ములు వారానికోసారి బోర్లించి కడగాలని చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. చివర్లో, బస్సు హారన్ వినబడుతుంటే, లేస్తూ లేస్తూ అన్నాను:

"వేప దోమకు శత్రువు. వేప వాడుండ్రి."

బస్సు అందుకున్నాను. మరునాటి నుంచి నన్ను ఇంకో మండలంలో జ్వరాల సర్వేకు వేశారు. నాలుగు వారాలు ఆ పల్లె ముఖం చూడలేదు.

మా వైపు పిల్లలకు అమ్మవారు పోస్తే, తగ్గాక వేపాకు వేసిన నీళ్లు ఎండలో పెట్టి స్నానం చేయిస్తారు. పోచమ్మ బోనానికి వేపమండ కడతారు. దేవుళ్లు వేరైనా పక్కపక్క ఇళ్లలో బతికినవాళ్లకు ఈ అలవాటు అందరికీ ఒకటే. వేప అనగానే ఇక్కడి ఆడవాళ్ల చెయ్యి మండ మీదికి పోతుంది తప్ప గింజ మీదికి పోదు. ఇది తెలియకపోవడానికి నేనేం పరాయివాణ్ని కాదు. నా పేరు లింబాద్రి, వేపచెట్ల గుట్ట మీది దేవుడి పేరే పెట్టారు మావాళ్లు. అయినా తట్టలేదు.

తిరిగి వెళ్లేసరికి ప్రతి డ్రమ్ములోనూ వేపమండలు మునిగి ఉన్నాయి. నీళ్లు ఛాయ్ డికాషన్ రంగుకు తిరిగాయి. మొదటి ఇల్లు రూతమ్మది. ఆ పల్లెలో కూలి గుంపుకు ఆమే పెద్ద. నాట్లకైనా చెరుకు నరకడానికైనా ఆమె పిలిస్తేనే ఆడవాళ్లు కదులుతారు.

"ఇదేందక్కా?" అన్నాను.

"నువ్వు చెప్పిందే కద సారూ. మండలు ఏసినం. ఊరంత ఏసినం."

గరిటె ముంచాను. లెక్కపెట్టడం నా వృత్తి, కానీ ఆ రోజు లెక్కపెట్టలేకపోయాను. అన్ని ఉన్నాయి. ఆకు నీళ్లలో మురిగితే కంటికి కనబడని సూక్ష్మజీవులు పుడతాయి, దోమపిల్లకు అదే తిండి. ఆ వాసనకు తల్లిదోమ వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడుతుంది. చేదు ఆకులోనూ ఉంటుంది, కానీ దోమపిల్లను ఆపేంత సత్తువ ఉండేది గింజలో.

"యోహానన్న ఏడి?" అన్నాను. రూతమ్మ భర్త యోహాను ట్రాక్టర్ డ్రైవరు.

"నిజామాబాద్ దవాఖానల ఉన్నడు. డెంగీ అన్నరు. గీ వీధిల ఇంకో నలుగురు పండిండ్రు."

ఆ క్షణంలో నేను రెండు రకాలుగా మాట్లాడే వీలుంది. మీరు సరిగా వినలేదు, నేను అలా చెప్పలేదు అనొచ్చు. మన డిపార్ట్‌మెంటులో చాలామంది అదే అంటారు, వాళ్ల ఉద్యోగాలకు ఏమీ కాదు. నాకు సారు ఇచ్చిన పెన్ను గుర్తొచ్చింది.

"తప్పు నాది అక్కా. వేప అన్న గని ఏ భాగమో చెప్పలే. పనిజేసేది గింజ. ఆకు నీళ్లల్ల మురిగితే దోమకు బువ్వయితది."

ఆమె డ్రమ్ములోంచి మురిగిన మండ ఒకటి తీసి కింద పడేసింది.

"గా ఒక్క ముక్క గప్పుడే చెప్తే నీ నోట్లె ముత్యాలు రాలునా సారూ? నా ఇంట్ల నేనే దోమలకు బువ్వ పెట్టిన. నా మొగనికి నేనే జరం తెచ్చిన."

నాకు ఏడుపొచ్చింది. ఆమె డ్రమ్మును ఒక్క తోపు తోసి బోర్లించింది. నేను రెండోది తోశాను. సాయంత్రానికి ఆ వీధిలో డ్రమ్ములన్నీ ఇద్దరం కలిసి కొబ్బరిపీచుతో తోమి ఎండబెట్టాం.

తర్వాత రోజూ ఆఫీసు నుంచి నేరుగా దవాఖానకు పోయి యోహాను మంచం పక్కన కూర్చునేవాణ్ని. ప్లేట్‌లెట్లు పడిపోయి రెండు రోజులు అందరినీ భయపెట్టాడు. తేరుకున్నాక అతను అన్న మొదటి మాట:

"వేప చేదని తెల్సు సార్. గింత చేదని తెల్వదు."

గడువు

సారుకు అంతా చెప్పాను. దాచలేదు.

"ఆకు నీళ్లు ఒక్కసారన్న ముంచి చూసినవా?"

"లేదు సార్."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. చెట్టు మందులు, నాటు చిట్కాలు ఆపేయండని పైనుంచి అప్పటికే ఉత్తర్వు వచ్చింది. ఆయన దాన్ని నా ముందు పెట్టి ఇలా అన్నారు:

"వానాకాలం అయ్యేలోపు చూపెట్టు. ఒక్క ఊరు. గదే ఊరు. కాకుంటే వేప ముచ్చట మళ్ల నా ముంగట ఎత్తకు, ఫైలు నేనే మూసేస్త."

ఫైలు మూస్తే ఒక కాగితం పోతుంది, అంతే. కానీ ఆ పల్లెలో వేప అన్నా, నా మాట అన్నా ఇక ఎవరూ నమ్మరు. రేపు నిజంగా అవసరమైన మాట చెప్పినా వినరు. నా భయం అదీ.

రూతమ్మ దగ్గరికి పోయి అడిగాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు.

"మళ్ల వేపేనా?"

"వేపే అక్కా. గింజ."

"సరే. లెక్క మాత్రం నేను పెడ్త. నీ నోటి మాట నాకొద్దు. గా గరిటె నా చేతికియ్యి."

ముప్పై ఏళ్ల సర్వీసులో నా గరిటెను ఊరివాళ్ల చేతికి ఇచ్చింది అదే మొదటిసారి. ఇచ్చాను.

గీతలు, సున్నలు

వానలు మొదలై కాలువ గట్టు మీద వేపపండ్లు రాలుతున్నాయి. రూతమ్మ గుంపు నాట్ల నుంచి వస్తూ కొంగుల్లో ఏరుకొచ్చేవాళ్లు. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రోట్లో దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానేసి, పొద్దున పిండి, కొంచెం సబ్బునీళ్లు కలపాలి. వేపగింజల కషాయం అంటే ఏ రైతైనా చెబుతాడు.

పల్లె చివర ఇళ్ల మురుగంతా చేరే ఒక గుంత ఉంది. డ్రమ్మైతే బోర్లిస్తాం, గుంతను బోర్లించలేం కదా. కషాయం అక్కడ పోశాను. బస్సు టైం చూసుకొని సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండుకు పోశాను. వారం తర్వాత గరిటెలో లార్వా, ప్యూపా ఏమీ జరగనట్టు ఆడుకుంటున్నాయి. నేను గుంత గట్టున కూలబడ్డాను.

కాలువ గట్టు మీదుగా బండి మీద పోతున్న సూర్యనారాయణ గారు ఆగి, సంగతి విని, ఒకటే అడిగారు.

"ఎన్ని గంటలకు పోశారండి?"

"పన్నెండుకు."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. "ఎండలో కొడితే సగం కషాయం సూర్యుడే తాగేస్తాడండి. మేం పొద్దు వాలాక తప్ప కొట్టం. పైగా అది నిలవ నీరు కాదు, రోజూ కొత్త మురుగు వచ్చి చేరుతుంది. పిండిని గోనెసంచిలో కట్టి ముంచండి, నెమ్మదిగా దిగుతుంది."

నేను పుస్తకాలు చదివాను, ఆయన పొలం చేశాడు. ఎండకు వేప గుణం చెడుతుందని నేనూ చదివాను, చదివింది బస్సు టైం ముందు గుర్తు రాలేదు. మరునాడు ఆయనే రెండు బస్తాల వేపపిండి తెచ్చి, పైసా తీసుకోకుండా మా ముందు పడేశారు. పొద్దు వాలాక సంచులు కట్టి ముంచాం, గింజల కషాయం మళ్లీ పోశాం. చివరి బస్సు పోయింది. యోహాను తన బండి మీద దింపాడు.

అదే రోజు రూతమ్మ వాకిట్లో చూరు కింద మూడు బకెట్లు పెట్టాం. సంచులు ముంచకముందే గుంతలోంచి తీసిన లార్వాను మూడింట్లో సమానంగా వేశాం. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, ఒకదాంట్లో వేపమండ, ఒకదాంట్లో గింజల కషాయం. పైన దోమతెర గుడ్డ బిగించి కట్టాం.

మూడో రోజు ఊరంతా గుంత దగ్గర చేరి నవ్వింది. లార్వా చావలేదు. మందు పోస్తే చావాలె గద, ఇవి ఈత కొడుతున్నయ్ అన్నారు. అన్నవాళ్ల తప్పు లేదు. పురుగుమందు అలవాటైన కళ్లు, పోయగానే తేలిపోవాలని చూస్తాయి. వేప అలా చంపదు. దోమపిల్లను పిల్లగానే ఆపేస్తుంది, చర్మం విడవనివ్వదు. నాకు ఇది తెలుసు, అయినా ఆ నవ్వుల ముందు తల వంచుకొని సంచుల ముడులు బిగించుకున్నాను.

రూతమ్మ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఆమెకు రాయడం రాదు. రోజూ పదిసార్లు గరిటె ముంచి, ఇంటి గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టేది. పురుగుకు గీత, ప్యూపాకు సున్న. ప్యూపాకు ఆమె పెట్టిన పేరు గుండు. ఏడో రోజు నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

"సారూ, గీతలు ఉన్నయ్. సున్నలు ఏవి? నాలుగు రోజులాయె, సున్న పెట్టలే నేను."

గోడ మీద పైవరుసల్లో గీతలూ సున్నలూ కలిసి ఉన్నాయి. కింది వరుసల్లో ఉత్త గీతలే. నేను చెప్పాల్సిన పాఠం ఆమె తనంతట తానే బొగ్గుతో గోడకెక్కించింది. తప్పు బయటపడ్డ రోజు తర్వాత ఆమె నా ముఖం చూసి నవ్వడం అదే మొదటిసారి.

ఆయన ముంచిన రోజు

పదో రోజు సారు వచ్చారు. మాట్లాడకుండా గుంత దగ్గరికి పోయి, సూర్యుడికి ఎదురుగా నిలబడి గరిటె ముంచారు. లార్వా. మళ్లీ ముంచారు. లార్వా. మూడోసారి ముంచి నా వైపు తిరిగారు, ముఖం వాడిపోయి ఉంది.

"ఉన్నయ్ కద లింబాద్రీ."

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి రూతమ్మ అంది:

"సార్, మీరు గీతలు చూస్తున్నరు. సున్నలు చూడుండ్రి. ఇటు రాండ్రి."

పల్లె మొత్తం ఆయన వెనక నడిచింది. సారు గోడ ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. ఆఫీసులో ఏ రిజిస్టర్‌నూ ఆయన అంత శ్రద్ధగా చదవడం నేను చూడలేదు. తర్వాత బకెట్ల దగ్గరికి వచ్చారు. ఉత్త నీళ్ల బకెట్ మీది తెర లోపల దోమలు గుయ్యిమంటున్నాయి. వేపమండ బకెట్‌లో ఇంకా బలిసిన దోమలు తెరంతా నల్లగా అంటుకొని ఉన్నాయి. ఆ బకెట్‌ను చూసి రూతమ్మ పళ్లు కొరికింది. మూడోదాని మీది తెర తెల్లగా, కట్టినప్పటిలాగే ఉంది. లోపల కొన్ని లార్వా మందకొడిగా కదులుతున్నాయి, కొన్ని చర్మం సగం విడిచి చచ్చి తేలుతున్నాయి. ఎగిరేది ఒక్కటి లేదు.

సారు గుంత దగ్గరికి తిరిగి వెళ్లి ఇంకో ఏడుసార్లు ముంచారు. ఈసారి ఆయన వెతికింది సున్నను. దొరకలేదు. వచ్చి, రూతమ్మ ఎదురుగా నిలబడి, నన్ను కాకుండా ఆమెను అడిగారు.

"రోజూ ముంచినవా అమ్మా?"

"రోజు పదిసార్లు సార్. ఐతారం గుడ ఆపలే. చర్చి అయినంక ముంచిన."

ఆయన నా వైపు తిరిగి, "ఫైలు మూస్తలేను," అన్నారు. అంతే. ఆయన నోట అది పూలదండ కన్నా ఎక్కువ. యోహాను గట్టిగా ఈల వేశాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నవ్విన మగవాళ్లే ముందు నిలబడి, మొదటి రోజే తెలుసు మాకు అన్నట్టు తలలూపారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా పెళ్లి రోజు కూడా నేను అంత సంతోషపడలేదు.

తర్వాతి వానాకాలం చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు రూతమ్మ గోడ చూడటానికి వచ్చారు. ఆ వీధి నుంచి డెంగీతో దవాఖానకు ఎవరూ పోలేదు. ఇదంతా వేప గొప్పే అని చెబితే మళ్లీ ముంచకుండా మాట్లాడినట్టే. ప్రతి శుక్రవారం డ్రమ్ములు బోర్లించి కడిగారు, డెంగీని ఆపింది అది. బోర్లించలేని మురుగు గుంతలో పుట్టే మిగతా దోమల్ని వేప చూసుకుంది. రెండూ కలిస్తేనే పని జరిగింది.

మొహమాటం లేకుండా

చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదని ఎవరైనా అంటే నమ్మకండి. సీతాఫలం గింజ నూరి తలకు పెడితే పేలు చస్తాయని మా అవ్వల కాలం నుంచి ఉంది. నేను దాన్ని లార్వా మీద వేసి చూశాను, వేప కన్నా వేగంగా చంపింది. సంబరపడ్డాను. వారం తిరక్కుండానే అదే నూరిన గింజ తల మీది నుంచి కంట్లోకి కారి, కన్ను వాచి, వెలుతురు చూడలేక మూలుగుతున్న ఒక ముసలమ్మను బోధన్ దవాఖానలో చూశాను. ఆ రోజే ఆ సీసా మూసి పక్కన పెట్టాను. ఊళ్లో వాళ్ల చేతికి ఇవ్వలేని మందు నా దృష్టిలో మందు కాదు.

వావిలాకు పొగ వేస్తే కొట్టంలో దోమలు పోతాయి. ఎక్కడికి పోతాయి? పక్కింటికి పోతాయి. పశువులకు ఆ పూట సుఖం, అంతవరకే. వేపగింజల నీళ్లు తాగే నీటిలో పోయకండి, చేపలు పెంచే చెరువులో అసలే పోయకండి. తాగే నీళ్లకు మూత ఒక్కటే మందు.

పైవాళ్లు ఒక నెల ఒకటి ఆపేయమంటారు, మరో నెల అదే మొదలుపెట్టమంటారు. మీ లెక్క మీ దగ్గర ఉంటే రెండింటికీ జవాబు ఉంటుంది. లెక్క లేకపోతే మంచి మాట కూడా గాలి మాటే అవుతుంది. అలాంటి మాటతోనే నేను ఒక పల్లెను జ్వరాన పడేశాను.

ఇప్పుడు

రిటైర్ అయిన రోజు గరిటె స్టోరులో అప్పగించాలి. నాది స్టోరుకు రాలేదు. ఎక్కడుందని అడిగితే ఊళ్లో ఉందన్నాను. సారు అప్పటికే రిటైర్ అయ్యారు, కొత్త ఆఫీసరు నన్ను వింతగా చూసి, ఇంకోటి కొనుక్కొచ్చి ఇవ్వమన్నాడు. కొనిచ్చాను.

నా తర్వాత ఆ పోస్టులోకి స్రవంతి అనే బోధన్ పిల్ల వచ్చింది. చురుకైన పిల్ల, బాగా చదువుకుంది. పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"సార్, మీ రూతమ్మ ఉన్నది కద, నన్ను నోరు తెర్వనిస్తలేదు."

"ఏమన్నది?"

"గుంతల మందు ఎయ్యాలె, రేపు తెస్త అని చెప్పబోయిన. 'ముంచినవా బిడ్డా?' అన్నది. లేదన్న. లోపలికి పోయి గరిటె తెచ్చి నా చేతుల పెట్టింది. 'పో, ముంచి రా. గీతలెన్నో సున్నలెన్నో చెప్పు. గప్పటిదాంక ఛాయ్ పెడ్త' అన్నది."

"ముంచినవా మరి?"

"ముంచిన సార్. పదిసార్లు. సున్నలు లెవ్వు."

నేను ఫోన్ పెట్టేశాక మా ఆవిడ ఎందుకు అలా ఒంటరిగా నవ్వుతున్నావని అడిగింది. చెప్పాను. సారు నన్ను అడిగిన మాట ఇప్పుడు ఆ పల్లె మా డిపార్ట్‌మెంటును అడుగుతోంది.